తీరసీమకు తన గొంతుక

కృష్ణానది నీటిని పంచుటకు విజయవాడకడ ఆనకట్ట కలదు. ఆ నీరు కాలువలుగా, పిల్లకాలువలుగా చీలి, గుడివాడ మాగాణులను తడిపి, బందరు పొలములను దాటి, దివిసీమ కొసవరకు పోవలసియున్నది. తలభూమి రైతునకు నీరందుట విశేషము గాదు. కొసభూమికి అందినదా లేదా యనునదే కాలువల యేర్పాటునకు కొలబద్ద. మాటకును ఇదియే న్యాయము. పట్టణమున పుట్టిన మాట నాగాయలంకకు ఆవలనున్న పల్లెకారుని గుడిసెకు చేరినదా? అతని మాట తిరిగి పట్టణమునకు వినవచ్చినదా? ఈ రెండు ప్రశ్నలకు లభించు జవాబునుబట్టియే ఒక దేశపు వార్తావ్యవస్థను తూచవలసియున్నది.

నేడు దేశమున ఆకాశవాణివారి మధ్యతరంగ ప్రసారయంత్రములు కాలము చెల్లినవని పేరుపడి యొక్కొక్కటిగా మూతపడుచున్నవి. ఎఫ్.ఎం. వచ్చినది, చేతి ఫోను వచ్చినది, ఇక ఈ పాత స్తంభములెందుకని పెద్దలు ప్రశ్నించుచున్నారు. లెక్కలు చూచువారికి ఈ ప్రశ్న సహజమే. కాని కృష్ణాముఖమున నివసించువారు దీనికి లెక్కల పుస్తకమునుబట్టి గాక, తమ చరిత్రనుబట్టి సమాధానము చెప్పవలసియున్నది. మా వాదమును ముందే చెప్పుచున్నాము. ఆపద దినమున ప్రజలు నమ్మి నడువవలసిన గొంతుక, మామూలు దినములలో వారి పంటను, వలను, ధరను, జబ్బును గూర్చి మాటాడిన గొంతుకయే కావలెను. అట్టి గొంతుక ఈ సీమకు ఒకప్పుడు కొంత లభించెను. అది క్షీణింపకుండ కాపాడుకొనుటయే గాక, దానిని తన సొంతముగా చేసికొనుట ఈ సీమవారి విధి.

తెలుగువారికి ఆకాశవాణి ఆలస్యముగా లభించెను. మదరాసు నిలయము 1938 జూన్ 16వ తేదీన ఆరంభమయ్యెను. అందు తమిళముతోపాటు తెలుగు కార్యక్రమములును ఉండెడివి. మరుసటి సంవత్సరమే తిరుచిరాపల్లి నిలయము వెలసెను. ఒకే రాష్ట్రమున తమిళజిల్లాలకు రెండవ నిలయము వచ్చునప్పటికి ఆంధ్రజిల్లాలకు మొదటిదియే లేకుండెను. నైజాము రాజ్యమున దక్కను రేడియో యుండెను గాని యది ప్రభువుగారి నిలయము. 1947లో దేశము విభజింపబడినప్పుడు ఆలిండియా రేడియోకు భారతదేశమున మిగిలిన నిలయములు ఆరు: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసు, లక్నో, తిరుచిరాపల్లి. వీనిలో తెలుగునేలపై నున్నది ఒక్కటియు లేదు. బందరువాడు గాని గుడివాడవాడు గాని తన భాషను ఆకాశమున వినగోరినచో మదరాసు వంక చెవియొగ్గవలసియుండెను.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ నిలయము తెరువబడెను. ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది 1953 అక్టోబరు 1వ తేదీన. అనగా ఆంధ్రులకు రాష్ట్రము రాకముందు దాదాపు అయిదేండ్లకే గొంతుక వచ్చెను. ఈ వరుసను చరిత్రకారులు అంతగా గమనింపలేదు గాని, ఇందు గొప్ప యర్థము కలదు. ఒక జాతి తన్ను తాను పాలించుకొనుటకు ముందు తన్ను తాను వినుట నేర్చుకొనవలెను. సర్కారు జిల్లాలవారు, లంకలవారు, మెట్టవారు, పల్లపువారు ఒకే సమయమున ఒకే మాటను తమ భాషలో వినుట ఆనాటినుండియే ఆరంభమయ్యెను.

ఆ నిలయమును నడిపినవారు కేవలము జీతగాండ్రు గారు. 1941లో మదరాసు నిలయమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు అనంతరము విజయవాడ నిలయమునకు అధిపతియై, సంగీతమును సాహిత్యమును పెనవేసిరి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు అచ్చట పనిచేసిన కాలమున ఉదయపు భక్తిరంజని ఇంటింటి నిత్యకృత్యమయ్యెను. ఓలేటి వెంకటేశ్వర్లుగారి గానము, నండూరి సుబ్బారావుగారి నాటకములు, జలసూత్రము రుక్మిణీనాథశాస్త్రిగారి చమత్కారము: ఇవి యన్నియు ఆ నిలయపు సిరి. పాటనుగూర్చి చెప్పువారు పెక్కురు కలరు గనుక దానిని విస్తరింపము. మేము చెప్పదలచినది మాటను గూర్చి.

పురాణపండ సూర్యప్రకాశదీక్షితులుగారు ఉషశ్రీ యను పేర రామాయణ భారతములను ఆదివారపు మధ్యాహ్నములందు చెప్పుచుండగా తెలుగునాట విననివారరుదు. ఆయన చేసిన మఱియొక పనిని మేము అంతకంటె ముఖ్యముగా నెంచుచున్నాము. ధర్మసందేహములు అను కార్యక్రమమున శ్రోతలు కార్డుముక్కపై తమ సందేహము వ్రాసి పంపెడివారు. ఆయన దానిని చదివి సమాధానము చెప్పెడివారు. అమెరికావారు మాటల రేడియో అను పేర టెలిఫోనుపై చేసినదానిని మనవారు తపాలాపై చేసిరి. అమెరికాలో శ్రోత ఆ నిమిషముననే కోపముతో మాటాడును. ఇచ్చట శ్రోత ఒకసారి ఆలోచించి, వ్రాసి, తపాలాపెట్టెలో వేసి, వారము రోజులు వేచియుండెను. ఏది మేలో పాఠకులే నిర్ణయింతురు గాక. శ్రోత వట్టి చెవి మాత్రమే గాదు, అతనికి నోరును కలదు అని యంగీకరించుట ఇందలి సారము. పేరు చదువబడిన యూరివారు ఆ వారమంత దానినే చెప్పుకొనుట నడివయసు దాటిన వారందఱకు జ్ఞాపకముండును.

వ్యవసాయమునుగూర్చిన మాట మఱియొకటి. 1966నుండి ఆకాశవాణి తన నిలయములలో వ్యవసాయ గృహవిభాగములను నెలకొల్పసాగెను. కావేరి డెల్టాలో ఏ.డి.టి. 27 అను క్రొత్త వరి వంగడమును రేడియోవలన విని నాటిన రైతులు దానికి రేడియో వరియని పేరుపెట్టిరి. విత్తనమునకు దానిని కనిపెట్టిన పండితుని పేరు పెట్టలేదు, అమ్మిన వర్తకుని పేరు పెట్టలేదు. చెప్పిన గొంతుక పేరు పెట్టిరి. కృష్ణాడెల్టా రైతునకు సుడిదోమ యెప్పుడు పడును, ఏ మందు ఎంత కలుపవలెను, కాలువలు ఎప్పుడు కట్టివేయుదురు అను మాటలు పొలముగట్టుపై వ్రేలాడిన చిన్న పెట్టెనుండి వినవచ్చెడివి. ఆ పెట్టెకు అనుమతిపత్రము కొఱకు ఏటేట తపాలా కార్యాలయమున రుసుము చెల్లింపవలసియుండెడిది. 1980ల నడుమ ఆ రుసుము రద్దయ్యెను. రుసుము కట్టినవాడు గనుక శ్రోత తన్ను ఆ నిలయమునకు హక్కుదారునిగా భావించెడివాడు. రుసుముతోపాటు ఆ హక్కుదారు భావమును పోయినదేమో యని మాకు సందేహము.

ఇక ఈ మధ్యతరంగమనునది యేమి? విజయవాడ నిలయమునకు కేటాయింపబడిన తరంగము 837 కిలోహెర్ట్జులది. దాని పొడవు ఇంచుమించు 358 మీటరులు. ఇంత పొడవైన తరంగము పగటివేళ నేలనంటి ప్రాకుచు పోవును. రాతినేలపై, ఎండిన మెట్టపై అది త్వరగా నీరసించును. తడినేలపైనను, ఉప్పునేలపైనను, సముద్రజలముపైనను మిక్కిలి దూరము బలముతో సాగును. డెల్టాకంటె తడినేల, దివిసీమకంటె ఉప్పునేల ఎచ్చట కలదు? సాగునకు శాపమని మనము దుఃఖించు చవిటి పఱ్ఱలే ఈ తరంగమునకు రాజమార్గములు. బందరు, గుడివాడ, అవనిగడ్డలు మూడును విజయవాడకు నూరు కిలోమీటరుల లోపుననే యున్నవి. ఒక్క శక్తిమంతమైన స్తంభము ఆ మూడు పట్టణములనే గాక, వానికి ఆవలనున్న లంకలను, సముద్రముపై వేటకు పోయిన పడవలను గూడ తాకగలదు.

ఎఫ్.ఎం. ధ్వని స్వచ్ఛము, ఉరుములు, విద్యుత్తీగల గోల దానినంతగా బాధింపవు. ఈ విషయమున మధ్యతరంగము దానికి చాలదని యొప్పుకొనవలసినదే. కాని ఎఫ్.ఎం. తరంగము చూపువలె సూటిగా పోవును. చిన్న కేంద్రమైనచో పది పదునైదు కిలోమీటరులతో దాని బలము తీరును. అంతటి కేంద్రములతో తీరమంతయు కప్పవలెనన్న వానిలో కొన్ని తీరముననే, అనగా ఉప్పెన నోటనే నిలుపవలసివచ్చును. మధ్యతరంగ స్తంభము ఉప్పెన చేరలేనంత లోపల నిలిచి, ఉప్పెన ముంచబోవు భూమితో మాటాడగలదు. దానిని వినుటకు రెండు ఎండు బ్యాటరీలు, ఒక చిన్న పెట్టె చాలును. కరెంటు పోయినను, తీగ తెగినను, ఆ పెట్టె మూగవోదు.

ఈ సీమకు ఇది విలాసపు చర్చ గాదు. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన తుపానులో బందరు పట్టణమును పరిసరములను సముద్రము ముంచివేయగా ముప్పదివేలమంది వరకు నశించిరి. నాడు ముందుగా చెప్పగల శాస్త్రము లేదు, చెప్పుటకు సాధనము లేదు. ఆ మృతికి ఎవ్వరిని నిందింపగలము? 1977 నవంబరు 19వ తేదీ అట్టిది గాదు. అప్పటికి వాతావరణశాఖ యుండెను, ఉపగ్రహచిత్రములుండెను, విజయవాడ నిలయమునకు ఇరువదితొమ్మిదేండ్లు నిండనుండెను. అయినను పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి మొదలగు గ్రామములపై సముద్రము గోడవలె వచ్చి పడెను. పదివేలమంది వరకు ప్రాణములు కోల్పోయిరి. శవములను పూడ్చుటకు మనుష్యులు చాలకపోయిరి.

ఆనాటి తుపాను తీరము దాటినది చీరాల సమీపమున. ముంచినది మాత్రము దివిసీమను. ఇందలి కారణము ప్రతి తీరవాసికిని కంఠస్థము కావలసినది. మన యర్ధగోళమున తుపాను గాలి అపసవ్యముగా తిరుగును. అందుచే తుపాను పోవు దారికి కుడివైపున గాలి సముద్రమును నేలమీదికి త్రోయును; ఎడమవైపున నేలమీదినుండి సముద్రములోనికి వీచును. తుపాను చీరాల వంక వచ్చునప్పుడు దాని కుడిచేతి క్రింద నుండునది దివిసీమయే. తుపాను దాటు చోటొకటి, ఉప్పెన పడు చోటు మఱియొకటి. తుపాను చీరాలకడ తీరము దాటునని దూరపు నగరమునుండి యొక గొంతుక చదివినదనుకొనుడు. అందులో అసత్యమేమియు లేదు. కాని దానిని విన్న కోడూరు రైతు ‘మనకు తప్పినది’ అని నిట్టూర్చి పండుకొనినచో ఆ సత్యవార్తయే అతని పాలిట మృత్యువగును. అతనికి కావలసినది వార్త గాదు, వార్తయొక్క అర్థము. ‘చీరాలకడ దాటునది గనుక మన సొర్లగొందికే ముప్పు, ఇప్పుడే లేచి అవనిగడ్డ త్రోవ పట్టుడు’ అని ఊరు పేరుపెట్టి పిలువగల గొంతుక కావలెను. ఆ పిలుపు నిచ్చుటకు ఊరినెఱిగినవాడు కావలెను. ఊరినెఱిగిన గొంతుకకే స్థానిక వాణి యని పేరు.

1990 మే 9వ తేదీన కృష్ణాముఖమునకు సమీపముననే మఱియొక పెనుతుపాను తీరము దాటెను. అది తీవ్రతలో తక్కువది గాదు. కాని నాటి మృతుల సంఖ్య వేయికి లోపు. లక్షకు పైబడిన జనమును ముందే లోపలికి తరలించిరి. ఈ నడుమ పదమూడేండ్లలో తుపాను ఆశ్రయభవనములు లేచెను, త్రోవలు పడెను, బందరున తుపాను రాడారు వెలసెను, తీరమున ఉపగ్రహముద్వారా హెచ్చరికలందుకొను పెట్టెలు అమర్చబడెను. వీనిలో ఒక్కొక్కదానికి తగిన కీర్తి ఒక్కొక్కదానికి చెందవలసినదే. కాని భవనము తనంతట తాను మనుష్యుని పిలువలేదు, రాడారు తెలుగున మాటాడలేదు. మనుష్యుడు లేచి నడచుటకు మాట కావలెను. ఆ మాటపై నమ్మకము కావలెను. దివిసీమకు 1977 నేర్పిన పాఠము భయము; 1990 చూపినది భయము నమ్మకముతో కూడినప్పుడు ఎంత మేలు జరుగునో యను విషయము.

నమ్మకమనునది తుపాను దినమున పుట్టునది గాదు. ఏడాదికొకసారి మ్రోగు కొమ్మును విని జనులు ఉలికిపడుదురు గాని కదలరు. పశువులను విడిచి, పండిన వరికుప్పను విడిచి, వలను పడవను విడిచి పొమ్మని చెప్పువానిని రైతైనను జాలరియైనను ఎందుకు నమ్మవలెను? నిన్న ధాన్యపు ధర సరిగా చెప్పినాడు గనుక. మొన్న రొయ్యల చెఱువుకు వచ్చిన తెగులునుగూర్చి సకాలమున హెచ్చరించినాడు గనుక. ఆస్పత్రిలో వైద్యుడు లేడని మనవారు మొఱపెట్టగా దానిని దాచక చదివినాడు గనుక. దినదినము కూడబెట్టిన ఈ చిల్లర నమ్మకమే ఆపద దినమున పెద్ద మొత్తమై యుపయోగపడును. కావున స్థానికపు మాటను వ్యయమని కొట్టివేయువారు తమకు తెలియకయే ఆ నిధిని ఖర్చుచేయుచున్నారు.

చేతి ఫోను లేదా యని యందురు. కలదు, అది గొప్ప సాధనము. తుపాను హెచ్చరిక సందేశము ప్రతివాని జేబులోనికి వచ్చుట మెచ్చదగినదే. కాని 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు ఏమయ్యెను? అంతటి మహానగరమున కరెంటు పోయెను, ఫోను గోపురములు మూగవోయెను, తమవారు బ్రతికియున్నారో లేరో తెలియక జనులు తల్లడిల్లిరి. ఫోను గోపురములు ఊరూర నిలిచియుండవలెను, ఒక్కొక్కదానికి కరెంటు కావలెను, వానిని గలుపు తీగలు తెగకుండవలెను. ఇన్ని గొలుసుకట్లలో ఏ యొక్కటి తెగినను మాట ఆగును. ఒక సాధనము రాగానే వేఱొకదానిని పాఱవేయుట వివేకము గాదు. పడవకు ఇంజను అమర్చిన జాలరి తెడ్డును గట్టున విడిచి పోవునా?

మాటల రేడియో పుట్టిల్లయిన అమెరికాను చూడుడు. 1920లో పిట్స్‌బర్గు నగరమున వాణిజ్యప్రసారము మొదలైన తరువాత ఆ దేశమున చిన్న చిన్న పట్టణములన్నిటను మధ్యతరంగ నిలయములు వెలసెను. పాల ధర, బడి సెలవు, మంచు రాక, ఊరిలో చనిపోయినవారి పేరు: ఇవియే వాని సరకు. వివాదాంశములలో ఇరుపక్షములకు తావీయవలెనను నియమము 1949నుండి యుండి, 1987లో రద్దయ్యెను. ఒక్కనిచేత నెన్ని నిలయములుండవచ్చునను దేశవ్యాప్తపు హద్దు 1996లో తొలగింపబడెను. ఫలితమేమి? ఊరివాని గొంతుక పోయి, దూరనగరమున కూర్చున్న ఒక్క వక్త కోపము వందలకొలది ఊళ్లలో ఒకే గంటకు మ్రోగసాగెను. స్తంభము ఊరిదే, మాట ఊరిది గాదు.

దాని పర్యవసానము 2002 జనవరి 18వ తేదీ రాత్రి ఉత్తర డకోటాలోని మైనాటు పట్టణమున కనబడెను. నడురాత్రి రైలుబండి పట్టాలు తప్పి అమ్మోనియా విషవాయువు ఊరిపై క్రమ్మెను. ఆ ఊరి వాణిజ్యనిలయములు ఆరును ఒకే సంస్థ చేతిలో నుండెను. హెచ్చరిక సకాలమున గాలికెక్కలేదు. మీ యంత్రమును వాడుట మీకు తెలియలేదని సంస్థవారు పోలీసులను, మీరు పలుకలేదని పోలీసులు సంస్థవారిని నిందించుకొనిరి. ఊరికి మాత్రము ఆ వాదమువలన లాభము లేదు. యంత్రములు ఆరున్నను గొంతుక యొక్కటియు లేకపోవుట సాధ్యమేయని మైనాటు మనకు చెప్పుచున్నది.

కావున రేడియోను కేవలము వర్తకునికి అప్పగింపుడని మేము చెప్పము. అట్లని కేవలము ప్రభుత్వము చేతిలో నుండనిండనియు చెప్పజాలము. 1942లో బ్రిటిషువారి రేడియో ఒకటి పలుకుచుండగా, బొంబాయిలో ఉషా మెహతాగారును మిత్రులును రహస్యముగా కాంగ్రెసు రేడియో నడిపి చెఱసాలకు పోయిరి. ప్రభుత్వపు గొంతుక ప్రజల గొంతుక గాదని ఆనాడే రుజువయ్యెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను 1975 మొదలు 1977 వరకు సాగిన అత్యవసరస్థితిలో ఆకాశవాణి ఏలువారి స్తోత్రపాఠమునకే మీదుకట్టబడెను. ప్రసారభారతి శాసనము 1990లో వచ్చి, 1997లో అమలయ్యెను. ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995లో దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. తీర్పు ఘనము; ఆచరణ స్వల్పము. ప్రైవేటు ఎఫ్.ఎం. నిలయములు సొంతముగా వార్తలు చెప్పరాదు. సాముదాయక రేడియోలకును ఆ నిషేధమే. సినిమాపాట ఎంతైనను వేయవచ్చును. ఊరి కరకట్టకు గండిపడెను, దానికి బాధ్యులెవరని వార్తగా అడుగరాదు! తనది యని తీర్పు చెప్పబడిన సొత్తుపై సొంతదారునకు మాటాడు హక్కు లేకపోవుట వింతగాదా?

ఉన్న పరిధిలోనే చేయదగినది చేసినవారును కలరు. 2006లో కేంద్రప్రభుత్వము సాముదాయక రేడియో విధానమును విశాలపఱచి, విద్యాసంస్థలకే గాక ప్రజాసంఘములకును తలుపు తెఱచెను. 2008 అక్టోబరులో మెదకుసీమలోని మాచనూరు గ్రామమున సంగం రేడియో ఆరంభమయ్యెను. దానిని నడిపినవారు దళిత మహిళలు; చిరుధాన్యములు పండించుకొను బీదరైతులు. వారి మాట పట్టణపు తెలుగు గాదు, పొలపు తెలుగు. విత్తనమును, పండుగను, నాటుమందును వారు తమ యాసలోనే చెప్పుకొనిరి. అంతకు ఎంతయో పూర్వము, 1935లో మైసూరున ఆచార్య ఎం.వి. గోపాలస్వామిగారు తమ యింటనే ప్రసారకేంద్రము నెలకొల్పి, దానికి ఆకాశవాణి యని పేరుపెట్టిరి. ఆ పేరునే పిమ్మట దేశమంతయు స్వీకరించెను. ఒక ఉపాధ్యాయుడు తన యింట చేసినది, కొందఱు కూలివనితలు తమ పల్లెలో చేసినది, విద్యాధికులు నిండిన మూడు పట్టణములు చేయలేవా?

ఈ ప్రశ్న ముఖ్యముగా బందరువారికి. 1902లో కృష్ణాపత్రికను ఇచ్చిన యూరిది. 1910లో ఆంధ్రజాతీయకళాశాలను, 1923లో ఆంధ్రాబ్యాంకును నెలకొల్పిన యూరిది. నాడు వీనిలో ఏదియు పైనుండి ఎవరో దయచేసినది గాదు. కొందఱు చేరి, చందాలు వేసికొని, చేసికొనినవి. అచ్చుయుగమున ఆంధ్రదేశమునకు మాట నేర్పిన పట్టణము, శ్రవ్యయుగమున డెబ్బదియేండ్లకు పైగా పొరుగూరి గొంతుక వినుచు కూర్చుండెను. కొత్తగూడెము, మార్కాపురము, అనంతపురము, కర్నూలు మొదలగు చోట్ల ఆకాశవాణివారి ప్రాంతీయ నిలయములు వెలసినప్పుడును ఆ జాబితాలో బందరు చేరలేదు. విజయవాడ దీపము దగ్గరనే యున్నది గదా యని తలచిరి కాబోలు. నేడు ఆ మాటయు చెల్లదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగి, విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకు పోయెను. బందరు, గుడివాడ, దివిసీమలు కృష్ణాజిల్లాగా మిగిలెను. జిల్లాకు బందరే ముఖ్యపట్టణము. తుపానునాడు ఉత్తర్వులు వెలువడునది అచ్చటనుండియే. ఆ యుత్తర్వులకు గొంతుకయు అచ్చటనే యుండుట న్యాయము గాదా?

కంఠసంపదకు ఈ సీమలో కొఱత లేదు. గుడివాడ ప్రక్కనున్న చౌటపల్లిలో ఘంటసాల జన్మించెను. కూచిపూడి భాగవతులు శతాబ్దములుగా మాటను, పాటను, ఆటను ఏకముచేసినది ఈ నేలపైననే. నిమ్మకూరు, రామాపురము, కవుతరము మదరాసుకు పంపిన నటులను లెక్కించిన తెలుగు చలనచిత్రరంగమున సగము కనబడును. మన గొంతుకలు అన్యత్ర ప్రకాశించినవి. మన యూళ్లు మాత్రము వినుచున్నవి.

కావున మేము కోరునవి ఇవి. మొదటిది, విజయవాడ మధ్యతరంగ ప్రసారమును వ్యయలెక్కతో తూచక, తుపాను ఆశ్రయభవనములతో సమానముగా ప్రాణరక్షణసాధనముగా నెంచి, సంపూర్ణశక్తితో నిలుపవలెను. ఆశ్రయభవనము ఏడాదిలో మూడువందల అరువది దినములు ఖాళీగా నున్నదని దానిని ఎవ్వరును పడగొట్టరు గదా! రెండవది, ఆ నిలయమున ప్రతిదినము కొంత కాలము తీరసీమకే ప్రత్యేకింపబడవలెను. చదివిన ప్రకటనలు గాదు; బందరు రేవునుండి, గుడివాడ మార్కెట్టునుండి, అవనిగడ్డనుండి మనుష్యులు మాటాడవలెను. అడిగిన ప్రశ్నకు అధికారి పేరు చెప్పి జవాబీయవలెను. మూడవది, ఆకాశవాణి మధ్యతరంగమునకు క్రొత్తగా తెచ్చిన డిజిటలు పద్ధతి మేలైనదేయైనను, దానిని వినగల పెట్టె బీదవానికి అందునంతవరకు పాతపద్ధతిని విడువరాదు. వినువాడు లేని స్వచ్ఛత ఎవరికొఱకు? నాల్గవది, సాముదాయక రేడియోలపై నున్న వార్తల నిషేధమును తొలగింపవలెను. తప్పుడు మాట చెప్పినవానిని శిక్షించుటకు చట్టములు కలవు; నిజము చెప్పువాని నోరు ముందే కట్టివేయుట స్వరాజ్యమునకు తగదు.

అయిదవది ప్రభుత్వమును గాక మనలను కోరుచున్నాము. ఈ మూడు సీమల కళాశాలలు, రైతుసంఘములు, మత్స్యకారుల సహకారసంఘములు, పఠనమందిరములు కలిసి సాముదాయక రేడియోకు పూనుకొనవలెను. నూరు వాట్ల చిన్న కేంద్రము అవనిగడ్డ చుట్టుపట్లకు చాలును. పెద్ద స్తంభము తుపానుమాట చెప్పును, చిన్న కేంద్రము దినదినపు మాట చెప్పును. ఒకదాని నమ్మకము రెండవదానికి బలమగును. అందు మాటాడువారిలో జాలరివాడ స్త్రీయు, కౌలురైతును, పొలముకూలియు ఉండవలెను. 1977లో ఉప్పెన మొదట ముంచినది గట్టియిండ్లలోని వారిని గాదు. మొదట మునుగువానికే మొదట మాటాడు హక్కు కలదు.

కాలువ కొసభూమి రైతు నీటికొఱకు లాకులయొద్దకు వచ్చి యడుగును. అది అతని హక్కని అందఱమును ఒప్పుకొందుము. మాటకొఱకును అట్లే అడుగుట నేర్చుకొందము. సముద్రము మఱల వచ్చును. ఆ విషయమున ఈ తీరవాసులెవ్వరికిని సందేహము లేదు. అది వచ్చు రాత్రి మనలను పేరుపెట్టి లేపు గొంతుక ఉండునా లేదా యనునది మాత్రము సముద్రము చేతిలో లేదు. అది మన చేతిలో నున్నది.